మోకాలు పెడితే తెరుచుకునే తలుపు

మా ఇంటికి తాళం వేసిన రోజు నాకు గుర్తులేదు. తలుపే తాళం. పాత బడిని కూలగొడుతుంటే మా నాయన మేస్త్రీని బతిమాలి తెచ్చుకున్న టేకు తలుపు అది. మా గుమ్మానికి కాస్త ఎక్కువైంది, అందుకే కింద నేలను కరుచుకుని కూర్చుంటుంది. తెరవాలంటే ఎడమ చేత్తో గొళ్లెం పట్టి తలుపును పైకి ఎత్తాలి, కుడి మోకాలితో కింది మూలన ఒకటి ఇచ్చుకోవాలి. రెండూ ఒక్కసారే జరగాలి. ముందు ఎత్తి తర్వాత పొడిచినా రాదు, ముందు పొడిచి తర్వాత ఎత్తినా రాదు. నా భార్య కాపురానికి వచ్చిన కొత్తలో వారం రోజులు బయట నిలబడి నన్ను కేకేసేది. ఎనిమిదో రోజు తనే తెరుచుకుని లోపలికి వచ్చి, "ఇగ నేను ఈ ఇంటిదాన్నయిన" అంది. మా పెళ్లి ఆ రోజే జరిగిందని నేను ఇప్పటికీ అంటుంటాను.

ఇంకో సంగతి. నన్ను ఏడో తరగతిలో బడి నుంచి బయటికి పంపించింది ఆ తలుపే. ప్రార్థన వేళ మైకు ముందు నిలబడి పెద్దసారు గొంతుతో, "రేపు సెలవు, ఎల్లుండి కూడా సెలవు, మీరు మళ్లీ రాకపోయినా నాకేం బాధ లేదు" అన్నాను. పిల్లలు నిజంగానే ఇళ్లకు పోయారు. నన్ను మాత్రం శాశ్వతంగా పంపించారు. ఆ తర్వాత ఆ తలుపు మా ఇంటికి కాపలాకొచ్చింది, ఆ మైకు నాకు బువ్వ పెట్టింది. ఆటో మీద రెండు హారన్లు కట్టుకుని ఇబ్రహీంపట్నం సందులన్నీ తిరుగుతాను. ఇంటిపన్ను కట్టండి, రేపు నల్లా రాదు, పోలియో చుక్కలు వేయించండి, ఫలానా వారి బర్రె తప్పిపోయింది. ఊళ్లో మీటింగు ఏదైనా షామియానా ఎవరిదైనా గొంతు నాది.

ఇంటికి గోడలు రాయి, మట్టి. పైన రేకులు. రేకులకు చిల్లులు. చిల్లుల కింద ఫ్లెక్సీలు. మీటింగులు అయ్యాక ఎవరికీ అక్కర్లేని ముఖాలను చుట్టుకుని తెచ్చి, రేకుల కింద అడ్డంగా కట్టేవాణ్ణి. పడుకుంటే పైనుంచి అన్ని పార్టీల వాళ్లూ చేతులు జోడించి నవ్వుతుంటారు. వాన పడితే మాత్రం ఒకాయన ముక్కు దగ్గర చిల్లు, సరిగ్గా అక్కడి నుంచే కారేది. నా భార్య కింద గిన్నె పెడుతూ, "ఈయన పడిశం ఎప్పుడు తగ్గుతదో" అనేది.

ఆమె ఆదిభట్ల దగ్గర ఒక పెద్ద కంపెనీలో నేలలు తుడుస్తుంది. ఇంజనీర్లకు కంపెనీ బస్సు, ఆమెకు షేర్ ఆటో. పొద్దంతా ముఖం కనపడే నేల తుడిచి, ఇంటికి వచ్చి మట్టి నేల అలుకుతుంది. ఆమె నన్ను బంగారం అడగలేదు, యాదగిరి పోదామని అడగలేదు. వాన పడుతుంటే లేవకుండా పడుకోవాలని అడిగింది. అంతే. దానికి స్లాబు కావాలి. స్లాబు నా హారన్ల నుంచి ఊడిపడదు.

అందుకే సర్కారు ఇంటి పథకం వచ్చిందనగానే మా ఇంట్లో పండుగ. ఎందుకంటే ఆ కాగితాలు చదివి ఊరంతా చాటింది నేనే. సొంత జాగ ఉండాలి, ఉన్న ఇల్లు గుడిసెగానీ రేకులదిగానీ అయి ఉండాలి, ఇల్లు ఆడమనిషి పేరు మీద వస్తుంది. డబ్బు ఒక్కసారి ఇవ్వరు. పునాదికి కొంత, గోడలకు కొంత, స్లాబుకు కొంత. ప్రతిసారీ ఆఫీసరు వచ్చి ఫోన్‌తో ఫోటో తీసుకుంటారు. మూడు రోజులు గొంతు బొంగురుపోయేదాకా చదివాను. నాలుగో రోజు మా దరఖాస్తు ఇచ్చాం.

ఇక్కడ మా అన్న వస్తాడు. సొంత అన్న కాదు, మా పెద్దనాయన కొడుకు. మాది ఒకే ఇంటిపేరు, ఒకే తాత. పంపకాల్లో వాళ్లకు రోడ్డు పక్క చెలక వచ్చింది, మాకు ఈ ఇల్లు వచ్చింది. చెలక ప్లాట్లయింది. ప్లాట్లు మా సందు మొదట్లో రెండంతస్తుల డాబా అయ్యాయి. పంపకాలు మాత్రం నోటిమాటే. కాగితం రాసుకుంటే తమ్ముణ్ణి నమ్మనట్టు ఉంటుందని పెద్దనాయన అన్నాడట. మా నాయన నమ్మాడు. మా ఇంట్లో నమ్మే జబ్బు వంశపారంపర్యం, దాన్ని నా దగ్గర ఆపేశాను.

అన్న ఒక సేవా సంఘం పెట్టాడు. సేవ ఎవరికని అడగొద్దు. పట్టణాన్ని అందంగా చేయడానికి వచ్చిన నిధుల్లోంచి సంఘం ద్వారా మూడు సిమెంటు బెంచీలు వచ్చాయి. వాటి మీద "ప్రజల సౌకర్యార్థం" అని రాసి ఉంది. మూడూ అన్న డాబా వరండాలో ఉన్నాయి, ముఖాలు ఆయన గుమ్మం వైపు. ప్రజలు కూర్చుంటే అన్న టీవీ కనపడేలా. అదే సంఘం పుణ్యమా అని వార్డులో ఇళ్ల జాబితా చూసే కమిటీలో కూడా కుర్చీ దొరికింది.

మా దరఖాస్తు చూడటానికి వార్డు ఆఫీసరమ్మ వచ్చింది. చిన్న వయసు, కొత్తగా బదిలీ అయి వచ్చింది, చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుని తిరిగే మనిషి. నా భార్యను గుమ్మం ముందు నిలబెట్టి ఫోన్ ఎత్తింది. ఫోన్ ఒప్పుకోలేదు. ఇటు జరిగింది, అటు జరిగింది. ఒప్పుకోలేదు.

"ఈ జాగల ఇంతకుముందే ఒక ఇల్లు ఎక్కింది" అంది ఆఫీసరమ్మ.

"ఎక్కడికెక్కింది మేడం, మా ఇల్లు ఈడనే ఉన్నది గదా" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఫోన్ మా వైపు తిప్పింది. ఫోటోలో మా గోడ, మా తలుపు, గోడకు వేలాడుతున్న నా పాత హారను. తలుపు ముందు మా వదినె, అన్న భార్య, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మెడలో గొలుసు లేదు. ముఖాన పౌడరు లేదు. ఒంటి మీద వెలిసిపోయిన ఆకుపచ్చ చీర.

నా భార్య ఫోన్ మీదికి వంగి చూసింది. "గది నా చీర" అంది.

అప్పుడు తెలిసింది. నెల కిందట ఒకరోజు ఆమె డ్యూటీకి, నేను అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక ప్రచారానికి పోయిన వేళ, అన్న అప్పటి సర్వే మనిషిని వెంటేసుకుని వచ్చాడు. వదినెకు బీదరికం సరిపోవాలి కదా, మా తీగ మీద ఆరిన చీర కట్టించాడు. బీదరికం కూడా మా దగ్గరే అరువు. ఆ సాయంత్రం చీర తీగ మీద మడతపెట్టి ఉందట.

"నువ్వు మడతపెట్టినవ్ అనుకున్న" అంది నా భార్య నాతో. "గట్ల అనుకున్నందుకు నన్ను నేనే కొట్టుకోవాలె."

ఆఫీసరమ్మకు చెప్పాం. ఆమెకు అర్థమైంది కూడా. కానీ ముందున్న మనిషి ఎక్కించినదాన్ని తను తీసేయలేనంది, కమిటీ తీర్మానం కావాలంది. కమిటీలో ఎవరున్నారు? దొంగ దొరికాడు, ఫిర్యాదు మాత్రం దొంగ చేతికే ఇవ్వాలి. ఇచ్చాం. కమిటీ కూర్చుంది. అన్న చెప్పినదేమిటో తర్వాత పొదుపు సంఘం ఆడవాళ్లు చెప్పారు. "అది మా తాత ఇల్లు. ఇంటిపన్ను రసీదు మీద మా ఇంటిపేరే ఉన్నది సూడుండ్రి. తమ్ముడు కష్టంల ఉన్నడని మేమే ఉండనిచ్చినం. నా భార్య కూడ ఆడనే ఉంటది, డాబ సంఘానికి ఇచ్చినం." ఇంటిపేరు ఒకటే కాబట్టి రసీదు ఆయనకూ సరిపోయింది. మా నాయన పేరును ఎవరూ చదవలేదు.

జాబితా వచ్చింది. మొదటి పేరు వదినెది. మా పేరు చివరన కూడా లేదు. ఆ జాబితాను మైకులో చదివింది నేనే. మున్సిపాలిటీ పని, కాదంటే రేపు పిలవరు. వదినె పేరు వచ్చినప్పుడు నా గొంతు ఆగలేదు. ఆగలేదన్నదే నాకు ఇప్పటికీ మంట.

ఇదంతా చదివి చివరికి నేను క్షమిస్తానేమోనని ఎవరైనా ఎదురుచూస్తుంటే, ముందే చెబుతున్నా, ఆశ పెట్టుకోవద్దు.

నాకు దారి చూపించింది అన్న చేసిన తప్పే. ఆయన పాత కాలపు మనిషి. పెన్షన్లకూ రేషన్ కార్డులకూ ఫోటో జిగురుతో అతికించే కాలంలో పెద్దమనిషి అయ్యాడు. ఆ కాలంలో ఎవరి ముఖమైనా ఏ ఫారం మీదైనా అతుక్కునేది. ఫోన్‌లో ఫోటో కూడా అట్లాంటిదే అనుకున్నాడు. అది ముఖంతో పాటు జాగను కూడా పట్టుకుంటుందని ఆయనకు తెలియదు. మా ఇంటి ముందు దిగిన ఫోటోకు ఇల్లు మా జాగలోనే లేవాలి. డాబా వెనక ఖాళీ జాగలో కిరాయి గదులు లేపుదామని ఇటుకలు దింపుకున్నాడు పాపం. ఆఫీసరమ్మ వచ్చి ఫోన్ ఎత్తితే అక్కడ ఒప్పుకోలేదు.

తెల్లారేసరికి మా గుమ్మం ముందు ఉన్నాడు. తలుపు నేనే తీశాను.

"తమ్మీ, బాగున్నవారా? మనం మనం పాలోళ్లం, ఒక్క తాత మనుమలం. ఓ చిన్న మాట."

"చెప్పు అన్న. నీ ఇల్లే గదా, లోపలికి రా."

ఆయనకు అది తగల్లేదు. తగిలినా దులుపుకున్నాడు. "జర ఒక్క పూట. ఈడ ముగ్గు పోసి ఫోటో దిగి పోతం. తర్వాతది నేను సూసుకుంట. నీ ఇంటికి ఏం కాదు."

పునాది గీతలు సున్నంతో గీయడాన్ని మా దగ్గర ముగ్గు పోయడం అంటారు. అది అయిందంటే ఇల్లు మొదలైనట్టే. తర్వాతది తను చూసుకుంటాడంటే, ఎవరినో పట్టుకుని ఆ జాగ గుర్తును డాబా వెనక్కి మార్పించుకుంటాడన్నమాట. మా జాగ మాత్రం ఫోన్‌లో వదినె పేరున ఖర్చయిపోయి ఉంటుంది.

ఆఫీసరమ్మ నాకు ఒకటి చెప్పి ఉంది. "ముగ్గు రోజు ఫోటో ఎక్కకముందు, నలుగురి ముందట ఈ ఇంట్ల ఎవరుంటున్నరో తేలితే నేను రాస్త. ఎక్కినంక నా చేతిల ఏం లేదు." అంటే నాకు ఒక పొద్దు ఉంది, ఒక జాగ ఉంది, ఒక మైకు ఉంది.

"ఒక్క పూటనేందన్నా" అన్నాను. "వార్డుల మొదటి ముగ్గు. నువ్వు సంఘం అధ్యక్షునివి. ఎవ్వరు లేకుంట దొంగల లెక్క పోసుకుంటమా? షామియానా నాది, కుర్చీలు నావి, మైకు నాది. పైస వద్దు. పెద్దోళ్లను పిలువు, సంఘం అక్కలను పిలువు."

ఆయన కళ్లలో ఫ్లెక్సీ కనపడింది. మా కప్పు మీద ఇంకొక ముఖానికి జాగ ఉందని నాకూ అనిపించింది.

ఈ మాట విని నా భార్య నాతో మాట్లాడటం మానేసింది. మానేసే ముందు ఒక్కటే అంది. "బతుకుల ఒక్కసారన్న నవ్వకుంట మాట్లాడరాదు? పోయి అందరి ముందట, గిది మా ఇల్లు అని చెప్పు."

"చెప్తే ఏమైతది? పాలోళ్ల పంచాయితి అంటరు. వాయిద వేస్తరు. నవ్వును ఎవ్వరు వాయిద వెయ్యలేరే."

ఆమెకు అది కూడా జోకే అనిపించింది. నా ఉపాయం ఆమెకు చెప్పలేదు. చెబితే వద్దనేది. తొమ్మిది రోజులు అన్నం గిన్నె నా ముందు పెట్టి వెళ్లిపోయేది. తొమ్మిది రోజులు నేను ఫ్లెక్సీల్లోని ముఖాలతో మాట్లాడుకున్నాను. వాళ్లు అన్నిటికీ నవ్వారు.

ముగ్గు రోజు పొద్దున్నే ఎండ. అన్న తెల్ల చొక్కాలో వచ్చాడు. వదినె పట్టుచీర కట్టుకుని, మళ్లీ ఏమనుకుందో గొలుసు తీసి పర్సులో వేసుకుంది. పొదుపు సంఘం ఆడవాళ్లు షామియానా కింద కూర్చున్నారు, అందరికీ సంగతి తెలుసు, అందరూ నేల చూస్తున్నారు. వాళ్లలో సగం మంది పేర్లు తర్వాతి జాబితాలో రావాలి, ఆ జాబితా అన్న కమిటీ మీదుగా రావాలి. మేస్త్రీ తాడు, సున్నం తట్ట పెట్టుకుని కూర్చున్నాడు. ఆఫీసరమ్మ ఫోన్ పట్టుకుని పక్కన నిలబడింది. నా భార్య డ్యూటీ చీరలో, డబ్బా సంచితో బయల్దేరింది. నా ముఖం చూడకుండా సందు మలుపు దాకా పోయింది. అక్కడ ఆగిందో పోయిందో నేను చూడలేదు.

నేను మైకు అందుకున్నాను.

"పెద్దలకు, సంఘం అక్కలకు, చెల్లెండ్లకు నమస్కారం. మా అన్న గురించి చెప్పాల్నంటే పొద్దు సాలదు. రెండంతస్తుల డాబ కట్టిండు గాని, అండ్ల ఒక్కనాడు సుఖంగ పండుకోలే. ఆయన పాణమంత గీ రేకుల ఇంట్లనే ఉన్నది."

అన్న లేచి నమస్కారం పెట్టాడు. వెనక వరుసలో ఎవరో ముక్కులోంచి నవ్వారు.

"మా వదినె సంగతైతే చెప్పొద్దు. వాన పడితే ఈ ఇంట్ల ఏ గిన్నె ఏడ పెట్టాల్నో ఆమెకు తెలిసినట్టు ఇంకెవ్వరికి తెల్వదు. గా తీగ మీద ఎవ్వల చీర ఆరేసినా, మడతపెట్టే చెయ్యి ఆమెది."

వదినె తల దించుకుంది. అన్న నా వైపు చూసి కళ్లతో చాలన్నాడు. నాకు కళ్ల భాష రాదు, ఏడో తరగతిలోనే మానేశాను.

"ఇగ మన ఆనవాయితి. పాత ఇల్లు ఇప్పే ముందు ఇంటి ఇల్లాలు లోపలికి పోయి, దేవుని గూట్లె దీపం ముట్టించి బయటికి తేవాలె. దీపం బయటికొచ్చినంకనే ముగ్గు. ఇన్నేండ్లు తీసిన తలుపే, పెట్టిన దీపమే. రా వదినె."

ఇది మా దిక్కున ఎవరూ కాదనలేని ఆనవాయితీ. అన్న కూడా కాదనలేదు. వదినె మెల్లగా లేచి వచ్చింది. తలుపును చేత్తో నెట్టింది. కదల్లేదు. రెండు చేతులతో నెట్టింది. కదల్లేదు. గొళ్లెం తీసి చూసింది, వేసి చూసింది.

ముందు వరుసలో బోసినోటి ముసలవ్వ ఒకతి, "పాపం, డాబ తలుపులు అలవాటైనయి" అంది. అప్పుడు వచ్చింది మొదటి నవ్వు.

అన్న గబగబా వచ్చాడు. "తలుపు ఉబ్బింది, వానకు" అన్నాడు ఆఫీసరమ్మతో.

"మా అన్న అబద్ధం చెప్పడు" అన్నాను మైకులో. "వాన పడక నెలలైంది గాని, తలుపు ఉబ్బింది. దానికి వచ్చే వానకాలం గుర్తొచ్చింది."

ఈసారి నవ్వు షామియానా అంతా పాకింది. అన్న భుజం పెట్టి కొట్టాడు. తలుపు ఊగలేదు గానీ పైనున్న రేకులు ఊగాయి. ఎన్నో ఏళ్ల దుమ్ము ఆయన తెల్ల చొక్కా మీద పడింది. ఇంకోసారి కొట్టాడు. రేకు మీద బరువుకు పెట్టిన పాత టైరు జారి, ఆయన కాళ్ల దగ్గర పడి, దొర్లుకుంటూ పోయి సున్నం తట్టను తాకి ఆగింది. మేస్త్రీ కూడా నవ్వాడు. వాడి కూలి అన్న ఇవ్వాలి, అయినా నవ్వాడు.

ఆఫీసరమ్మ ఫోన్ దించింది. జనం వైపు తిరిగి అడిగింది. "ఈ ఇంట్ల ఎవరుంటరు?"

నవ్వు ఆగిపోయింది.

అది నేను అనుకోలేదు. ఇంత నవ్వినవాళ్లు ఒక్క మాట అంటారనుకున్నాను. ఎవరూ అనలేదు. నవ్వడానికి ఖర్చు లేదు, చెప్పడానికి తర్వాతి జాబితా ఖర్చవుతుంది. ముసలవ్వ కూడా కొంగు సర్దుకుంది. అన్నకు ఊపిరి తిరిగొచ్చింది. చొక్కా దులుపుకుంటూ, "ఫోటో తియ్యండి మేడం, ఎండ ఎక్కువైతుంది" అన్నాడు. నా చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది. ఇన్నేళ్లలో నా హారన్లు అట్లా ఉత్తగా గుయ్యిమనడం అదే మొదటిసారి.

సందు మలుపు నుంచి నా భార్య వచ్చింది. పోలేదన్నమాట. డబ్బా సంచిని ఒక కుర్చీలో పెట్టింది. వదినెను పక్కకు జరగమని కూడా అనలేదు, వదినే జరిగింది. ఎడమ చేత్తో గొళ్లెం ఎత్తింది. మోకాలు పెట్టింది. తలుపు మెత్తగా, మూలుగు కూడా లేకుండా తెరుచుకుంది. ఆమె లోపలికి పోయింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు బయటికి వినపడింది. గాలికి ఆరకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని దీపంతో గుమ్మంలో నిలబడింది.

ఆఫీసరమ్మ ఆ ఫోటో తీసింది. తర్వాత కుర్చీలో కూర్చుని కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. "ఇప్పుడు ఎవరన్న సాక్షి సంతకం పెడతరా?" అంది. ముసలవ్వ లేచి బొటనవేలు చాపింది. "నాకు ఇల్లు వచ్చేదాక నేను ఉంటనో లేదో, ఏలు మాత్రం ఇయ్యాల ఉన్నది" అంది. ఆమె వెనక ఒకరు, ఆ ఒకరి వెనక ఇంకొకరు.

అన్న ఎప్పుడు పోయాడో నేను చూడలేదు. చూసి ఉంటే మైకులో సాగనంపేవాణ్ణి. భార్యను అక్కడే వదిలి పోయాడు. వదినె షామియానా గుంజ పట్టుకుని నిలబడి ఉంది. నా భార్య ఆమె దగ్గరికి పోయింది.

"నిలబడు అన్నడు, నిలబడ్డ చెల్లే" అంది వదినె. "చీర మాసిందేమోనని ఉతుకుదామనుకున్న. టైము లేకుండె."

ఆ రోజు నా భార్య తొమ్మిది రోజుల మౌనం విడిచింది. విడిచి నన్ను తిట్టింది. "గెలిచినవ్. మంచిగనే ఉన్నది. నవ్విందెవలను సూసి? ఆయన దుమ్ము దులుపుకొని పోయిండు. ఆమెను నిలబెట్టి నవ్విపిచ్చినవ్."

నేను గురిపెట్టింది అన్నకు, తగిలింది వదినెకు. మైకుకు ఆ తేడా తెలియదు, మైకు పట్టుకున్నవాడికి తెలియాలి. నా కసి చల్లారలేదు. దాని గురి సరిచేసుకున్నాను, అంతే.

వదినె పేరు రద్దయింది. మా పేరు వెంటనే ఎక్కలేదు. ఫోన్‌లో చిక్కుకున్న జాగను విడిపించడానికి పైదాకా కాగితం పోవాలట, ఒక వానకాలం పట్టింది. సర్కారు తప్పు ఎక్కించడానికి ఒక వేలు చాలు, దించడానికి ఎన్ని చేతులు కావాలో. పడిశం ముఖం కింద మళ్లీ గిన్నె పెట్టుకున్నాం. నా భార్య మళ్లీ వానకు లేచింది. లేచిన ప్రతిసారీ నాకు అన్న గుర్తొచ్చాడు. ఆయన ఇంకా అధ్యక్షుడే, సంఘానికి ఎవరూ ఏమీ చేయలేదు.

కాబట్టి నా పని నేను చేశాను. చెత్త బండి ప్రచారం మున్సిపాలిటీది, ఎక్కడ ఆగాలో నాది. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని ఆయన గేటు ముందు ఆగి నిదానంగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పేవాణ్ణి. తర్వాత బెంచీలు గుర్తొచ్చాయి. సందులో తిరుగుతూ మంచి గొంతుతో చాటాను. "అవ్వలకు, తాతలకు మనవి. మీ కొరకు సర్కారు సొమ్ముతో మూడు బెంచీలు వచ్చినయి. అధ్యక్షుల వారి వరండాల ఉన్నయి. నడుము నొచ్చినోళ్లు పోయి కూసోవచ్చు. ప్రజల సౌకర్యార్థం అని దాని మీదనే రాసి ఉన్నది." మొదటి రోజు బోసినోటి ముసలవ్వ ఒక్కతే పోయింది. వారంలో బెంచీలు నిండాయి. అన్న టీవీలో ఏం పెట్టాలో వాళ్లే చెప్పేవాళ్లు. తమలపాకు ఉమ్ము గోడకు కొత్త రంగు వేసింది. లేవమందామంటే రాసి ఉంది, రాయించింది ఆయనే. దసరా రాకముందే మూడు బెంచీలూ ట్రాక్టరెక్కి బస్టాపుకు పోయాయి. ఇప్పుడు నా భార్య పొద్దున షేర్ ఆటో కోసం వాటి మీదే కూర్చుంటుంది.

చలికాలంలో మా పేరు వచ్చింది. మైకులో నేనే చదివాను. నా భార్య పేరు దగ్గర గొంతు ఆగింది, ఈసారి ఆగనిచ్చాను.

పక్కనే ఫ్లెక్సీల గుడారం వేసుకుని ఇల్లు కట్టుకున్నాం. పునాది ఫోటో, గోడల ఫోటో, స్లాబు ఫోటో. ప్రతిసారీ అదే ఆఫీసరమ్మ, అదే పిన్నీసు చెప్పు. మేస్త్రీ కొత్త తలుపు పెట్టుకోమన్నాడు. పాతదే పెట్టమన్నాను. "గీసి సరిచేస్త, నేలకు తగలకుంట" అన్నాడు. "తగలాలె" అన్నాను. వాడు నన్ను చూసి తల గోక్కుని, గడపను అంగుళం ఎత్తు చేసి, తలుపును మళ్లీ నేలను కరిపించాడు.

గృహప్రవేశం రోజు మా ఆవిడ పిలిచిన మొదటి మనిషి వదినె. చీర పెట్టింది, ఆకుపచ్చదే, కొత్తది. బొట్టు పెట్టి గుమ్మం బయట నిలబెట్టి లోపలి నుంచి తలుపు మూసింది. "తియ్యి అక్క. గొళ్లెం ఎత్తు, మోకాలు పెట్టు. రెండు ఒక్కసారే." వదినె రెండుసార్లు తప్పింది. మూడోసారి తలుపు తెరుచుకుని, ఆ విసురుకు ఆమె లోపలికి వచ్చి నా భార్య మీద పడింది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకు నేను కారణం కాదు, అందుకే బాగుంది.

పిలిచిన వాళ్లందరినీ వరుసగా కూర్చోబెట్టి వడ్డిస్తున్నాం. దుమ్ము వస్తుందని ఎవరో తలుపు దగ్గరికి వేశారు. నేనూ గుమ్మానికి ఎదురుగా విస్తరి ముందు కూర్చున్నాను. అప్పుడు బయట మనుషుల అలికిడి. కిటికీలోంచి కనపడింది. ఇద్దరు మనుషులు ఫ్లెక్సీ పట్టుకుని ఉన్నారు. సేవా సంఘం కృషితో నిరుపేద కుటుంబానికి సొంతింటి కల అని రాసి ఉంది. పక్కన అన్న ముఖం, చేతులు జోడించి. దాని ముందు అసలు అన్న, తెల్ల చొక్కాలో.

తలుపు నెట్టాడు. కదల్లేదు.

మళ్లీ నెట్టాడు. "తమ్మీ" అన్నాడు.

నా భార్య నా వైపు చూసింది. "లేసి తియ్యరాదు?"

"తినేటోడు నడుమ లేవొద్దంటరు" అన్నాను. అన్నంలో పప్పు కలుపుకున్నాను. మైకు గోడకు వేలాడుతోంది, దానివైపు కూడా చూడలేదు. తలుపు మీద భుజం దెబ్బ ఒకటి పడింది. పైన స్లాబు. దుమ్ము కూడా రాలలేదు.

నా భార్య ఈసారి వదినె వైపు చూసింది. తలుపు ఎట్లా తెరుచుకుంటుందో ఆమెకు ఇప్పుడు తెలుసు. వదినె బయటి గొంతు విన్నది, విస్తరిలోకి చూసుకుంది.

"చెల్లే" అంది, "ఇంకింత పప్పు ఎయ్యి."